అటక దిగిన ట్యాంకు

మార్కాపురం వైపు 'ట్యాంకు' అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నీళ్లే. ఎండాకాలంలో వీధి మొదట్లో ట్యాంకరు హారన్ వినపడితే చాలు, బిందెలన్నీ బయటికొస్తాయి. మిద్దె మీద ఉండేదీ ట్యాంకే. ఇంకాస్త పడమటికి పోతే కంభం చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి, 16వ శతాబ్దంలో కట్టిన చెరువు. ఇంగ్లిషు రికార్డుల్లో దాని పేరు 'కంభం ట్యాంక్'. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి కూడా ఎక్కింది.

మరి యుద్ధంలో తిరిగే ఇనుప బండికి ఆ పేరెలా వచ్చింది? దీని వెనక మంచి కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ ఈ కొత్త రకం బండ్లను రహస్యంగా తయారు చేయించింది. గూఢచారులకు తెలియకూడదు కాబట్టి, ఇవి నీళ్లు మోసే తొట్లని ప్రచారం చేసింది. ఆ దొంగపేరే అసలు పేరుగా స్థిరపడిపోయింది. ఇంకో విశేషం. 'ట్యాంక్' అనే మాట మన దేశపు గుజరాతీ, మరాఠీల నుంచే ఇంగ్లిషులోకి వెళ్లిందనీ, పోర్చుగీసు మాట ప్రభావం కూడా దాని మీద పడిందనీ నిఘంటువులు చెబుతాయి. అంటే నీళ్ల కోసం ఇక్కణ్నుంచి వెళ్లిన మాట, ఫిరంగి పెట్టుకుని తిరిగొచ్చిందన్నమాట!

ఈ కథనంలో ట్యాంకు మాత్రం నీళ్లదీ కాదు, నిజంగా కాల్చేదీ కాదు. పొడవు 26 సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌ది. తొమ్మిదేళ్లు అటక మీద దుమ్ము కొట్టుకుపోయి, ఈ మధ్యే కిందికి దిగింది. సగంలో ఆగిపోయిన ఇలాంటి మోడల్ మీ ఇంట్లోనూ ఉంటే, దాన్ని ఎలా పూర్తి చేయొచ్చో చూద్దాం రండి. పైగా కావలసిన సామానంతా మన ఊళ్లోనే దొరుకుతుంది.

36 టన్నుల బండి... 26 సెంటీమీటర్ల బొమ్మ

స్కేల్ మోడల్ అంటే అసలు వస్తువును ఒకే లెక్క ప్రకారం తగ్గించి చేసే నమూనా. ట్యాంకుల మోడళ్లలో ఎక్కువగా కనిపించే లెక్క 1/35. అంటే అసలు బండి మీద 35 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మ మీద 1 సెంటీమీటరు.

ఈ 35 అంకె ఎక్కణ్నుంచి ఊడిపడింది? 1960ల తొలినాళ్లలో జపాన్ కంపెనీ టామియా ఒక జర్మన్ ట్యాంకు మోడల్ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కదా! వాటికి సరిపోయేట్టు సైజు పెట్టుకున్నారు. అది బాగా అమ్ముడుపోయాక తీరిగ్గా లెక్క వేస్తే 1/35 అని తేలింది. తర్వాత ప్రపంచమంతా అదే లెక్క పట్టుకుంది.

మన అటక మీది డబ్బాలో ఉన్నది టీ-55. రష్యా ట్యాంకు. 1958లో సోవియట్ సైన్యంలోకి వచ్చింది. దాని అన్న టీ-54తో కలిపి చూస్తే, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో తయారైన ట్యాంకు కుటుంబం ఇదే. బరువు 36 టన్నులు. తుపాకీ గొట్టంతో కలిపి పొడవు 9 మీటర్లు. లోపల నలుగురు మనుషులు.

మన సైన్యం కూడా ఈ ట్యాంకుల్ని చాలా ఏళ్లు వాడింది. 1971 డిసెంబరులో ఛంబ్ ప్రాంతంలో జరిగిన పోరులో డెక్కన్ హార్స్ రెజిమెంటు టీ-54లతో, 72వ ఆర్మర్డ్ రెజిమెంటు టీ-55లతో పోరాడాయి. డెక్కన్ హార్స్ పేరు వినగానే మీకు అనుమానం వచ్చే ఉంటుంది. అవును, దాని మూలాలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నిజాం కాలంనాటి హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల నుంచి వచ్చిన రెజిమెంటు అది. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోం యుద్ధంలో ఆ దళం గుర్రాల మీద ఈటెలతో దాడికి దిగింది. రెండు నెలల తర్వాత, సెప్టెంబరు 15న, అదే సోం యుద్ధంలో చరిత్రలో మొదటిసారి ట్యాంకులు కదిలాయి. ఆ గుర్రపు దళమే తర్వాత ట్యాంకులెక్కింది!

డబ్బాలోది రష్యా బండి, మామ నడిపింది మన బండి

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు ఆర్మీలో పనిచేసి వచ్చినవాళ్లు ఉన్న ఇళ్లు కొత్తేమీ కాదు. మా మేనమామ కూడా అలా వెళ్లినవాడే. 1980ల చివర్లో చేరి, టీ-55 డ్రైవరుగా పనిచేశాడు. ఇప్పుడు గిద్దలూరు దగ్గరి పల్లెలో శనగ, కంది వేసుకుంటూ ఉన్నాడు. ఆయన దగ్గర తన ట్యాంకుతో దిగిన ఫొటో ఒక్కటి కూడా లేదు. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు, యూనిట్ లోపల కెమెరాలు పట్టుకుని తిరగడం కుదిరేది కాదు. మనవళ్లు 'తాతా, నువ్వు ట్యాంకులో ఎక్కడ కూర్చునేవాడివి' అని అడిగితే నేల మీద పుల్లతో గీసి చూపించేవాడు.

నేను ఇంటర్ అయిపోయిన ఏడాది ఆ కిట్ తెప్పించుకున్నాను. అడుగు భాగం, చక్రాలు అతికించాక ఇంజనీరింగ్ మొదలైంది, తర్వాత ఉద్యోగం. డబ్బా అటకెక్కింది. మొన్న సంక్రాంతికి ఇంట్లో అటక దులుపుతుంటే బయటపడింది. మామ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడు మాటలే అన్నాడు. "గొట్టం మాది కాదురా."

నిజమే. డబ్బాలో ఉన్నది రష్యా రకం. దానికి 100 మిల్లీమీటర్ల ఫిరంగి. 1980ల్లో మన సైన్యం టీ-55లకు ఆ గొట్టం తీసేసి, 105 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించింది. చూడగానే గుర్తుపట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. గొట్టం మీద ఒకచోట ఉబ్బెత్తుగా ఉంటుంది. కాల్చాక వచ్చే పొగ లోపలి మనుషుల మీదికి రాకుండా బయటికి లాగేసే ఏర్పాటు అది. రష్యా గొట్టంలో ఆ ఉబ్బు కొసన ఉంటుంది. 105 గొట్టంలో మధ్యలో ఉంటుంది.

ఇక అర్థమైంది కదా! కిట్‌ని డబ్బా మీద బొమ్మలా పూర్తి చేస్తే అదొక ట్యాంకు అవుతుంది గానీ, మామ ట్యాంకు కాదు. కావలసిన ముక్కలు డబ్బాలో లేవు. విదేశాల్లో ఇలాంటి మార్పులకు రెజిన్ ముక్కలు, సన్నటి ఇత్తడి రేకులు అమ్ముతారు. కొన్నిసార్లు అవి కిట్ కంటే ఖరీదు. మరి మార్గం? చేత్తో చేసుకోవడమే.

ముందు స్నానం, తర్వాత వైద్యం

ఏళ్ల తరబడి మూల పడి ఉన్న మోడల్‌ని తీసిన వెంటనే జిగురు పట్టుకోవద్దు. వరుసగా ఇలా చేయండి.

దుమ్ము: గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. దుమ్ము, చేతి జిడ్డు పోతాయి. జిడ్డు ఉంటే తర్వాత రంగు పట్టదు.

వంకరలు: మన ఎండలకు అటక మీద ప్లాస్టిక్ కరిగిపోదు. కానీ ఏళ్లపాటు ఏదో బరువు కింద ఉంటే సన్నటి ముక్కలు వంగుతాయి. బాగా వేడిగా ఉన్న నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, మెత్తబడ్డాక చదునైన చోట పెట్టి సరిచేసి, వెంటనే చన్నీళ్లలో వేయండి.

స్టిక్కర్లు: నీళ్లలో నానబెట్టి అతికించే అంకెల కాగితాలు పసుపెక్కిపోతాయి. పారేయకండి. పారదర్శకమైన కవరులో పెట్టి, ఎండ తగిలే కిటికీ అద్దానికి అంటించండి. కొన్ని రోజులకు ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. ఎండకు మనకేం కరువు?

చైను: పొక్లెయిన్ కింద ఉండే చైను లాంటిదే ట్యాంకు చైను. పాత కిట్లలో ఇది మెత్తటి వినైల్‌తో వస్తుంది. దాంతో ఒక తంటా ఉంది. ఆ మెత్తదనం కోసం కలిపిన రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వస్తుంది. చైను పెళుసుబారుతుంది, తగులుకుని ఉన్న ప్లాస్టిక్ చక్రాల్ని కూడా తినేస్తుంది. అందుకే చైనును, చక్రాలను వేర్వేరు కవర్లలో దాచాలి. ఇప్పటికే పాడైన చక్రం ఉంటే, పాడైన వైపు లోపలికి తిప్పి పెట్టండి.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఉన్నవి, విరిగినవి, లేనివి. సగంలో ఆగిన పనుల్ని ఎక్కువగా చంపేది కష్టం కాదు, ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోవడం. ఈ కాగితం ఉంటే రోజుకు 20 నిమిషాలు దొరికినా ఒక గీత కొట్టేయొచ్చు.

35తో భాగించు, అంతే

చేతితో ముక్కలు చేయాలంటే గొప్ప ఆర్టిస్టు అయి ఉండాలనుకుంటారు చాలామంది. అసలు కావలసింది భాగహారం. అసలు కొలతను 35తో భాగిస్తే బొమ్మ కొలత. మన చేతిలో ఉన్న వస్తువు మందాన్ని 35తో గుణిస్తే, అది బొమ్మ మీద ఎంత మందంగా కనిపిస్తుందో తెలుస్తుంది. ఈ రెండో లెక్క వస్తే ఇల్లంతా మీకు స్పేర్‌పార్టుల షాపులా కనిపిస్తుంది!

చూడండి. కూల్‌డ్రింక్ టిన్ను రేకు సుమారు 0.1 మిల్లీమీటరు. 35తో గుణిస్తే 3.5. అంటే నిజం బండి మీది రేకు మందం. మడ్‌గార్డులకు, సామాన్ల పెట్టెలకు ఇంతకంటే సరైన సరుకు లేదు. కత్తెరతో తెగుతుంది, స్కేలు అంచున వంగుతుంది. కాస్త సొట్ట పెడితే అచ్చం చెట్టుకు గుద్దుకున్న మడ్‌గార్డే. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ మడ్‌గార్డు 1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి, అది 3.5 సెంటీమీటర్ల ఇనుప పలక కింద లెక్క! అందుకే అది బొమ్మలా కనిపిస్తుంది.

గడువు తీరిన ఏటీఎం కార్డు 0.76 మిల్లీమీటరు, అంటే బండి మీద 2.7 సెంటీమీటర్లు. మందపాటి పలకలకు బాగుంటుంది. అయితే కార్డులు ఎక్కువగా పీవీసీతో చేస్తారు, కిట్‌ది పాలిస్టైరీన్. ప్లాస్టిక్ జిగురు వాటి మీద సరిగా పనిచేయదు. ఫెవిక్విక్ లాంటిది వాడాలి. ప్లాస్టిక్ జిగురుతోనే అతికే పలక కావాలంటే, వాడి పారేసే డబ్బాలు, మూతల అడుగున త్రికోణంలో 6 అంకె ఉందేమో చూడండి. ఉంటే అది పాలిస్టైరీనే.

ఎక్కడైనా కొలతలతో గీసిన బొమ్మ దొరికితే జిరాక్స్ షాపుకు వెళ్లండి. 1/72 లెక్కలో ఉన్న బొమ్మను 206 శాతానికి, 1/48 అయితే 137 శాతానికి పెంచమనండి. 1/35 బొమ్మ చేతికొస్తుంది. దాని మీదే ముక్క పెట్టి కొలుచుకోవచ్చు.

మోటారు వైండింగ్ షాపే మన హాబీ షాపు

బోర్లు ఎక్కువున్న చోట మోటార్లు కాలిపోవడం మామూలే. మోటారు వైండింగ్ షాపు లేని బజారు మన వైపు కనపడదు. అక్కడ కింద పడి ఉండే రాగి తీగ ముక్కలే మనకు బంగారం. వాళ్లు తీగను గేజ్ నంబరుతో పిలుస్తారు. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 24 నంబరు 0.56 మిల్లీమీటరు, 26 నంబరు 0.46, 28 నంబరు 0.38, 30 నంబరు 0.32.

టరెట్, అంటే పైన తిరిగే తల చుట్టూ సైనికులు పట్టుకుని ఎక్కే కడ్డీలు ఉంటాయి. కిట్‌లో ఇవి ప్లాస్టిక్ దిమ్మల్లా అంటుకుపోయి ఉంటాయి. వాటిని బ్లేడుతో చెక్కేసి, 26 నంబరు తీగను వంచి పెట్టండి. అన్నీ ఒకే సైజులో రావాలంటే, ఏటీఎం కార్డు ముక్కను కావలసిన వెడల్పుకు కత్తిరించి, తీగను దాని చుట్టూ వంచాలి. పది కడ్డీలు పది నిమిషాల పని. పైనున్న వార్నిష్‌ని సాండ్‌పేపర్‌తో గీకేస్తే జిగురు, రంగు గట్టిగా పడతాయి.

ఇరుక్కున్న బండిని లాగే ఇనుప తాడుకు ఇంటి వైరింగు తీగ చాలు. దాన్ని ఒలిస్తే లోపల సన్నటి పోగులు ఉంటాయి. 0.2 మిల్లీమీటరు పోగులు 7 తీసుకుని, ఒకటి మధ్యలో పెట్టి మిగతా 6 చుట్టూ మెలిపెట్టండి. 0.6 మిల్లీమీటరు తాడు తయారవుతుంది. అసలు బండి మీద 2 సెంటీమీటర్ల పైచిలుకు తాడుకు సమానం.

యాంటెన్నాకు ఖర్చే లేదు. కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం కడ్డీని కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ ఉండండి. మెత్తబడి మెరవగానే మంట నుంచి పక్కకు తీసి రెండు వైపులా లాగండి. వెంట్రుకంత సన్నగా సాగుతుంది. ఆ పక్కన జిగురు, థిన్నర్ సీసాలు మాత్రం ఉండకూడదు. అవి మండుతాయి.

ఇంకొన్ని చిన్న చిట్కాలు. ఇంజను మీది జాలీకి పాత టీ వడపోత జల్లెడ. సామాన్లు కట్టే బెల్టులకు ఆస్పత్రిలో వాడే పేపర్ ప్లాస్టర్. చుట్టిపెట్టిన టార్పాలిన్‌కు నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ కాగితం. రేకులు అతికిన చోట కనిపించే వెల్డింగ్ గీతకు ఎంసీల్. పిసికి దారంలా పాముకుని, అతుకు మీద పెట్టి, బ్లేడు వీపుతో చిన్న చిన్న గాట్లు పెడితే అచ్చం వెల్డింగే. ఎంసీల్ పిసికాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకండి.

బండి వెనక ఒక దుంగ కట్టి ఉంటుంది. బురదలో దిగబడితే చైను కింద వేసి బయటపడటానికి. ప్లాస్టిక్ దుంగకు రంగు వేసి కష్టపడటం దేనికి? వేలంత కూడా లేని తంగేడు పుల్ల, 6 మిల్లీమీటర్లది ఎండబెట్టి పెట్టండి. నిజం బండి మీద అది 21 సెంటీమీటర్ల దుంగ.

గొట్టం మారింది, సీటు వచ్చింది

ఇక అసలు పని. గొట్టం. కొసన ఉన్న ఉబ్బును సన్నటి రంపంతో కోసి, సాండ్‌పేపర్‌తో నునుపు చేయాలి. పొడవు తగ్గితే అదే చట్రం కడ్డీ ముక్క అతికించాలి. మధ్యలో ఉబ్బు కోసం సన్నటి కాగితం పట్టీ కత్తిరించి, గొట్టానికి పొరలు పొరలుగా చుట్టి, మధ్య మధ్యలో ఫెవిక్విక్ చుక్క వేస్తూ పోవాలి. జిగురు పీల్చుకున్న కాగితం ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. తర్వాత రెండు అంచుల్నీ వాలుగా అరగదీయాలి. సందులుంటే వంటసోడా చల్లి జిగురు చుక్క వేస్తే క్షణంలో రాయిలా బిగుస్తుంది. ఆ పొగ ఘాటు, కిటికీ తెరిచే చేయండి. గొట్టం కొసన రంధ్రం 3 మిల్లీమీటర్లు. ఎందుకంటే 105ని 35తో భాగిస్తే 3.

గొట్టం అయ్యాక మామకు ఫొటో పంపాను. సాయంత్రం ఫోన్ చేసి, డ్రైవరు మూత తెరిచే పెట్టమన్నాడు. మూసేస్తే లోపల మనిషి ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది అన్నాడు. అది కిట్ ప్లాన్‌లో లేని పని. మూత తెరిస్తే లోపల ఖాళీ బొమ్మ కనిపిస్తుంది కాబట్టి లోపల ఏదో ఒకటి ఉండాలి.

టీ-55లో డ్రైవరు ముందు భాగంలో ఎడమవైపు కూర్చుంటాడు. స్టీరింగ్ చక్రం ఉండదు. రెండు చేతులకు రెండు లివర్లు. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకు. ప్రమాదం లేనప్పుడు సీటు పైకి లేపుకుని, తల బయట పెట్టి నడుపుతాడు. ఇదంతా మామ రెండు మూడు ఫోన్లలో చెప్పాడు. క్లచ్ ఎంత బరువో, చలికాలం పొద్దున్నే మూత ఇనుము చేతికి ఎలా అంటుకునేదో కూడా. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఆయన్ని ఈ సంగతులు అడగలేదు. అడగడానికి ఒక వంక దొరకలేదంతే.

సీటు ఏటీఎం కార్డు ముక్కలతో వచ్చింది, దాని మీద ఎంసీల్‌తో సన్నటి దిండు. లివర్లకు 24 నంబరు రాగి తీగ. బండి లెక్కలో 2 సెంటీమీటర్ల కడ్డీ. పిడులకు నల్ల రంగు చుక్క. గోడలకు లేత రంగు. మూత ఎంతుంటుంది? వేలి గోరంత. అందులోంచి ఇవన్నీ కనిపించాలంటే ఫోన్ టార్చి వేసి తొంగి చూడాలి. అంత కష్టం ఎందుకని మీరు అడగొచ్చు. మిగతా బండి అంతా ఏ టీ-55 అయినా కావచ్చు. ఆ గోరంత గుంత మాత్రం ఆయన కూర్చున్న చోటు.

ఇంకో మాట. ఈ ట్యాంకులో చైను పైభాగాన్ని మోసే చిన్న రోలర్లు ఉండవు. 36 టన్నుల బండి చైను కాబట్టి దాని బరువుకు అదే చక్రాల మీద వాలుతుంది. బొమ్మలో వినైల్ చైను తేలిపోయి గాలిలో ఆగుతుంది. అప్పుడు బండి బరువు లేనట్టు కనిపిస్తుంది. చైనును వేలితో నొక్కి, చక్రాల మీద చుక్క జిగురు వేసి, ఆరేదాకా మధ్యలో దూది కుక్కండి. ఈ ఒక్క పనితో బొమ్మ బండి అయిపోతుంది.

పలక, బలపం, పెన్సిల్

రంగు వేసేటప్పుడు మిద్దె మీద, మాస్కు పెట్టుకుని, పలుచగా రెండు మూడు కోట్లు వేయండి. మన సైన్యం బండి కాబట్టి ముదురు ఆకుపచ్చ. నంబరు పలక మీద ముందుగా పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది, అది సన్నటి కుంచెతో గీసుకోవచ్చు. ఇంతవరకూ అందరూ చేసేదే. ఇక్కణ్నుంచి మార్కాపురం పని మొదలవుతుంది.

మనది పలకల ఊరు. ఒకప్పుడు బడికెళ్లే పిల్లల చేతుల్లోకి ఎక్కడెక్కడికో వెళ్లిన పలకలు ఇక్కడి గనుల రాయే. ఇప్పుడు ఇళ్ల గోడలకు, నేలకు అందంగా వాడుతున్నారు. ఆ రాయి పొరలు పొరలుగా విడుతుంది. అదే మనకు కలిసొచ్చే గుణం. యూనిట్ల దగ్గర పారేసే ముక్కల్లో అరచేతులంత రెండు తెచ్చుకుంటే ఒకటి బండికి పీఠం, రెండోది ముక్కలు చేసి చుట్టూ పరిచే రాళ్లు. 3 మిల్లీమీటర్ల పెచ్చు బండి పక్కన పెడితే 10 సెంటీమీటర్ల రాయి. మామూలు గులకరాయి ఎంత చిన్నదైనా గుండ్రంగా ఉండి గులకరాయిలాగే కనిపిస్తుంది. పలక పెచ్చుకు మాత్రం కొండ రాయి అంచులు ఉంటాయి.

ఒక జాగ్రత్త. పలక రాయిని పొడిగా కోయడం, అరగదీయడం చేయొద్దు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. రాయిని తడిపి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట చేయండి.

చైను మీద, చక్రాల మధ్య దుమ్ముకు బలపం పొడి. కాస్త ఎర్రమట్టిని పాత పంచె గుడ్డలో జల్లించి, ఆ మెత్తటి పొడిని బలపం పొడితో కలిపితే మన దారుల దుమ్ము రంగు వస్తుంది. మెత్తటి కుంచెతో మూలల్లో అద్ది, ఎక్కువైంది ఊదేయండి. చివరగా పెన్సిల్. మెత్తటి నల్ల పెన్సిల్‌ని మూతల అంచుల మీద, మనుషులు ఎక్కి దిగే చోట్ల, చైను పళ్ల మీద రుద్దితే రంగు పోయి ఇనుము బయటపడినట్టు మెరుస్తుంది. దాని గ్రాఫైట్ చేసే మాయ అది. విదేశాల్లో ఇదే పనికి సీసాల్లో పొడులు అమ్ముతారు. మనకు ఒకటో తరగతి సంచి చాలు!

పూర్తి కావడం అంటే?

ఈ హాబీలో ఒక వల ఉంది. ఇంకో కడ్డీ, ఇంకో నట్టు, ఇంకో గీత అంటూ పోతే ఏ మోడలూ ఎప్పటికీ పూర్తి కాదు. ఇంటర్నెట్లో ఎవరో అద్భుతంగా చేసింది చూస్తే మనది చెత్తలా అనిపిస్తుంది. అక్కడే చాలా డబ్బాలు మళ్లీ అటకెక్కుతాయి. కాబట్టి మొదట్లో రాసుకున్న కాగితమే మీ హద్దు. అందులో ఉన్నవి అయిపోతే పని అయిపోయినట్టే. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి తప్పులు వెతకొద్దు. ఆ జూమ్‌ను భూతద్దంలా పనికి వాడండి, తీర్పుకు కాదు.

కిట్లు విదేశాల నుంచి రావాలి, వేల రూపాయల ఖర్చు. అందుకే కొత్తది కొనే ముందు పాతది పూర్తి చేయమంటాను. ట్యాంకే కానక్కర్లేదు. సగం చేసిన ఓడ, రెక్క విరిగిన విమానం, మీ నాన్న చిన్నప్పుడు మొదలెట్టి వదిలేసిన చెక్క లారీ, ఏదైనా సరే. దాని వెనక ఎవరున్నారో ఒకసారి అడగండి. ఎవరు కొన్నారు, ఎవరు నడిపారు, ఎవరు మొదలెట్టారు. సమాధానం దొరికితే ఏ ముక్క చేయాలో మీకే తెలుస్తుంది.

మా టీ-55 ఇప్పుడు గిద్దలూరు దగ్గరి ఆ పల్లెలో, టీవీ పక్కన పలక పీఠం మీద ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో చూశాను. చిన్న మనవడు టార్చి వేసి మూతలోంచి లోపలికి చూస్తూ, సీటు ఖాళీగా ఉందేంటని అడుగుతున్నాడు. మామ తల గోక్కుంటూ నా వైపు చూశాడు.

"ఏరా అల్లుడూ, 5 సెంటీమీటర్ల మనిషిని చేయడం కష్టమా?"

ఎంసీల్ ప్యాకెట్ ఇంకా సగం ఉంది. చూద్దాం.